పడనివ్వని చెయ్యి

లాండ్రీలో పొద్దస్తమానం ఇస్త్రీ పెట్టె తోసి తోసి, కుడి భుజం పట్టేసి, చెయ్యి పైకి లేవకుండా పోయాకే ఆమె ఆ క్లాసులో చేరింది. సైకిల్ షాపు మీది గదిలో, లిఫ్టు మెకానిక్‌గా రిటైరైన ఒక పెద్దాయన నేర్పేవాడు. యుద్ధ విద్య అన్నారు కదా అని వెళ్తే అక్కడ గుద్దులూ లేవు, తన్నులూ లేవు. మోకాళ్లు కాస్త వంచి, చేతులు గుండ్రంగా ముందుకు చాచి, కదలకుండా నిలబడమన్నాడు. బలం కండల్లో కాదు, లోపల వెతుక్కోమన్నాడు. ఇంటికొచ్చి అలాగే నిలబడితే ఆమె మొగుడు పడీ పడీ నవ్వాడు.

"లేని బిందె మోయడానికి అంత దూరం పోవాలా? ఉన్న బిందెలు వంటింట్లో ఉన్నాయిగా."

అతను గోడలకు రంగులు వేసే మనిషి. అసలే పొడుగు, ఆపైన ఎప్పుడు చూసినా ఎత్తు మీదే ఉంటాడని వీధి వీధంతా అతన్ని నిచ్చెన అనే పిలిచేది. ఆమె కూడా అలాగే పిలిచేది.

నవ్వితే నవ్వాడు, ఆమె మానలేదు. భుజం నొప్పి తగ్గింది. తగ్గాక కూడా మానలేదు. అక్కడ ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, మణికట్టుకు మణికట్టు ఆనించి, ఎదుటి మనిషి బరువు ఏ కాలి మీదికి పోతోందో కనిపెట్టే సాధన ఒకటుంది. దాన్ని మాస్టారు 'వినడం' అనేవాడు. అందులో ఆమెను మించినవాళ్లు లేరు. ఎదుటివాడు తూలబోతున్న సంగతి వాడికంటే ముందే ఆమెకు తెలిసిపోయేది. తెలిసి, తోసేయాల్సింది పోయి, నిలబెట్టేది.

"అమ్మా, అవతలివాడి తూలుడు కూడా నువ్వే తీసేసుకుంటున్నావు" అని మాస్టారు తల పట్టుకునేవాడు. ఆమె దాన్ని పొగడ్త కింద జమ కట్టుకుంది.

ఇన్నేళ్లూ మొగుడు ఎక్కడ ఎత్తు మీంచి పడతాడోనని ఆమె గుండె గుప్పిట్లో పెట్టుకుని బతికింది. అతను మాత్రం నిచ్చెన దిగి, టీ గ్లాసు అందుకోబోయి, చదును నేల మీద కూలబడ్డాడు. పక్షవాతం. ఎడమ కాలూ ఎడమ చెయ్యీ పడిపోయాయి. కాలు తిరిగి రావాలంటే ఈ మొదటి నెలల్లోనే రావాలనీ, ఆలస్యమయ్యేకొద్దీ ఆశ తగ్గుతుందనీ ఆసుపత్రిలో చెప్పి పంపారు.

ఇంత విద్యా నేర్చుకున్నది ఈ రోజు కోసమే అనుకుంది ఆమె. రోజూ తెల్లవారుతూనే అతన్ని లేపి, అతని ఎడమ మోచేతి కింద తన మణికట్టు పెట్టి వరండాలో నడిపించేది. అతని మడమ జారబోతోందనగానే ఆమె నడుము దగ్గర తెలిసిపోయేది. ఆ బరువును చప్పున తన కాళ్లలోకి దించుకునేది. అతను ఒక్కసారి తూలితే ఒట్టు. పక్కింటివాళ్లు తలుపుల్లో నిలబడి చూసి, పెళ్లామంటే ఇలా ఉండాలన్నారు.

మంచం దగ్గర చెయ్యి తీస్తే మాత్రం అతను దాని మీద మూటలా పడేవాడు. కాల్లోకి బలం వస్తోందనీ, మీరు కాస్త వదిలి చూడండనీ వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి చెప్పింది. ఈ పిల్లకేం తెలుసు, పట్టుకునే విద్య తనది కదా అనుకుంది. నడక మరింత పెంచింది. లాండ్రీకి సగం రోజులు ఎగ్గొట్టింది. గడువు నీళ్లలా కారిపోతోంది, కాలు మాత్రం రావడం లేదు. ఒకరోజు ఓపిక చచ్చి, నీకు నడవాలని లేదు, అంతా బద్ధకమని నోరు జారింది. అతను గోడవైపు తిరిగి పడుకుని ఆ రోజంతా ముద్ద ముట్టలేదు. ఆమె వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అతను ఇక లేవడేమోనన్న భయం కన్నా, తాను అతన్ని అసహ్యించుకోవడం మొదలుపెడుతోందేమోనన్న భయం ఎక్కువైంది.

చివరికి మాస్టారి కాళ్లావేళ్లా పడి ఇంటికి పిలుచుకొచ్చింది. ఆయన వాళ్ల వెనకే వరండా చివరిదాకా నడిచాడు. నడుస్తూ, బరువు ఎటు పోతోందో వినడానికి ఆమె వీపు మీద అరచెయ్యి ఆనించాడు. అతన్ని మంచం మీద కూర్చోబెట్టాక ఆమెను గుమ్మం బయటికి పిలిచాడు.

"నడుస్తున్నది ఆయన కాదమ్మా, నువ్వు. ఒక్కసారైనా తూలనిస్తే కదా ఆ కాలు నేర్చుకునేది."

"వదిలేస్తే పడిపోతాడు మాస్టారూ."

"పడతాడు" అన్నాడాయన. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ వారాలన్నీ ఆమె కళ్ల ముందు తిరిగాయి. కాలికి రావాల్సిన నడకను తన చేత్తో తానే లాగేసుకుంది.

మర్నాడు పరుపులు, దుప్పట్లు, ఉతకాల్సిన బట్టల మూటలు అన్నీ గది నిండా పరిచింది. కుర్చీ ఒకటి పక్కన పెట్టింది. అతన్ని నిలబెట్టింది. సంగతి అర్థమై అతను ఆమె రెక్క పట్టుకున్నాడు.

"వదలకే. నీకు దండం పెడతాను."

ఆమె అతని వేళ్లు ఒక్కొక్కటీ విప్పి, గోడ దాకా వెనక్కి నడిచింది. చేతులు ముందుకు పోకుండా రెండూ వెనక్కి పెట్టి బిగించుకుంది. అతను పడ్డాడు. కుర్చీ పట్టుకుని, పాకి, నానా తిట్లూ తిడుతూ లేచాడు. మళ్లీ పడ్డాడు. అంత దూరం నుంచి అతని బరువు ఎటు పోతోందో ఆమె మణికట్టుకు వినపడలేదు. ఏ విద్యా రాని ఆడదానిలా కళ్లప్పగించి చూడటమే మిగిలింది. అతను పడ్డ ప్రతిసారీ ఆమె చేతులు పెనుగులాడాయి.

ఈసారి అతను లేచి నిలబడి ముందుకు తూలాడు. తూలుతుండగా ఎడమ పాదం ఈడ్చుకుంటూ, వంకరగా, ఆలస్యంగా ముందుకొచ్చి నేలను తాకింది. అది చాలలేదు. దుప్పట్ల మీద బోర్లా పడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"చంపేయాలనుకుంటున్నావా నన్ను?"

"ఇందాక నీ కాలు నన్ను అడక్కుండా కదిలింది నిచ్చెనా" అంది ఆమె.

అతను నమ్మలేదు. లేపమని చెయ్యి చాచాడు. ఆమె చేతులు వెనకే ఉండిపోయాయి. అతను ఆ చెయ్యి అలాగే చాచి ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత ఆ చేత్తోనే కుర్చీ కాలు పట్టుకున్నాడు.