ప్రభుదాసు సారు గంట

నంద్యాల కాలేజీలో వక్తృత్వ పోటీ జరిగితే గంట దగ్గర కూర్చునేది ప్రభుదాసు సారే. నశ్యం పీల్చి, కళ్లు మూసుకుని వింటాడు. టైమైతే తప్ప గంట ముట్టడు. లెబనాన్ మీద బాంబులు పడుతున్న ఆ ఏడు, దాదాపీర్ అనే విద్యార్థి ఇజ్రాయెల్ సర్కారును కడిగి పారేశాడు. పోటీ చూడ్డానికొచ్చి ముందు వరసలో కూర్చున్న చర్చి పెద్దలు, "అది దేవుని దేశం, వాణ్ని ఆపు సారూ!" అని లేచారు. "సర్కారునే కదప్పా తిడతాండాడు, తిట్టనీండి," అని సారు మళ్లీ కళ్లు మూసుకున్నాడు. తర్వాత లేచిన ఆళ్లగడ్డ బెన్యామీను, "యూదులు ఏసయ్యను చంపిన జాతి, హిట్లరు కొందర్ని మిగిల్చిందే తప్పు," అనేసరికి ఆ పెద్దలే చప్పట్లు కొట్టారు. సారు కళ్లు తెరిచాడు. గంట మీద గుద్దాడు.

"ఇంకా టైముండాది సార్!"

"ఉంటే ఉండనీ, థూ! మీ నాయన నీకు పెట్టిన పేరు యాడిదిరా? యూదులదే కదా!"

చప్పట్లు ఆగలేదు. ముందు వరసలో పెద్దలు అబ్రహాము, యాకోబు, దావీదు ఇంకా కొడుతూనే ఉన్నారు.