నాజిల్లు, జొన్నలు, మా జోడెడ్ల మామ

ఆ రోజుల్లో నాకు రాని పని కూడా ఒకటుంటుందని ఎవరైనా అంటే వాళ్ల తెలివి మీద జాలిపడేవాణ్ణి. ఐటీఐ అయిపోయి, గద్వాలలో మందుకొట్టే పంపులు బాగుచేసే షెడ్డులో చేరిన కొత్త. చుట్టూ ఎటు చూసినా పత్తే, పంపులకేం కొదవ! పంపు కొసన మందు చిమ్మే ఇత్తడి నాజిల్లకు పట్టిన మందు పొరల్ని, చిలుమును వదలగొట్టడానికి మా ఉస్తాద్ ఒక పాత డ్రమ్ముకు మోటారు బిగించి యంత్రం తయారుచేశాడు. సామాన్లతో పాటు రుద్దడానికి గులకరాళ్లు, మురికి కరగడానికి కిరోసిన్ పోసి తిప్పితే, దొర్లి దొర్లి శుభ్రంగా బయటికొచ్చేవి. (చప్పుడు మాత్రం వీధి చివరిదాకా వినపడేది.)

సరిగ్గా అప్పుడే ఇటిక్యాల నుంచి జోడెడ్ల మామ గోనెసంచి నిండా నాజిల్లు తెచ్చి పడేశాడు. ఆయన నాకు వరసకు మామ, జోడెడ్ల సేద్యం గనక ఆ పేరు. ఆయన కూతురిని నాకు చేసుకుందామని మా ఇంట్లో మాటలు నడుస్తున్నాయి. ఆ సంగతి మామకూ నాకూ తెలుసు, ఏమీ తెలియనట్టు ఇద్దరం నటిస్తున్నాం. "ఎల్లుండికల్ల గావాలె పిలగా. నీ పనితనం గూడ జూసినట్టయితది," అన్నాడు మీసం దువ్వుకుంటూ.

ఉస్తాద్ పెళ్లికని వనపర్తి పోతూ, "కిరాసిన్ అయిపోయింది బేటా. నేనొచ్చేటప్పుడు తెస్త, జర ఆగు," అన్నాడు. ఆగడమా? నేనా? పైగా రాళ్లతో తిప్పితే గీతలు పడతాయి, కాబోయే మామకు గీతలు పడ్డ ఇత్తడి ఇస్తామా! అప్పుడు తట్టింది మహత్తరమైన ఆలోచన. జొన్నలు! గుండ్రంగా, గట్టిగా ఉంటాయి, గీతలు పెట్టవు. ఇక కిరోసిన్‌కు బదులు కుంకుడు రసం. తలకున్న నూనెను వదిలించేది నాజిల్‌కున్న జిడ్డును వదిలించదా? అమ్మ చూడకుండా డబ్బాలోని జొన్నలు తెచ్చి పోసి, అన్నీ తడిసేంత రసం కలిపి, మూత బిగించి స్విచ్చు వేశాను. కాసేపు తిరిగిందో లేదో కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందట, ఇప్పట్లో రాదన్నారు. నేనేమీ కంగారుపడలేదు. నానితే మురికి ఇంకా బాగా వదులుతుందిలే అనుకున్నాను. (రైతు ఇంట్లో పుట్టినవాణ్ణి! తడిసిన జొన్నలు ఏమవుతాయో మా ఇంట్లో కోడికి కూడా తెలుసు.)

చెప్పిన రోజుకు మామ వచ్చాడు. వెనకే కిరోసిన్ డబ్బాతో ఉస్తాద్ దిగాడు. ఇద్దరి ముందూ మూత తీశాను. ప్రతి నాజిల్ బెజ్జంలోనూ ఒక జొన్నగింజ ఉబ్బి బిగుసుకుపోయి ఉంది. చాలావాటి నుంచి తెల్లటి మొలక కూడా తొంగిచూస్తోంది.

"యా అల్లా! ఇది పంపుల షెడ్డా, నారుమడా?" అన్నాడు ఉస్తాద్.

మామ ఒకటి చేతిలోకి తీసుకుని, ఎండకు పెట్టి తిప్పి తిప్పి చూశాడు. "మొలక మస్తుగొచ్చింది. ఈ ఏడు నా చేన్ల గూడ గిట్ల రాలె," అన్నాడు.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సంబంధం గంగలో కలిసిందనే అనుకున్నాను. "నువ్వు గూసో మామా, అన్ని నేనే దీస్త," అని దబ్బనం పట్టుకుని నేల మీద చతికిలపడ్డాను. ఒక్కో గింజనూ కెలికి తీస్తుంటే వేళ్లు బొబ్బలెక్కాయి. ఉస్తాద్ భోజనానికి పిలిచినా లేవలేదు. మామ బీడీ కాలుస్తూ ఎదురుగానే కూర్చున్నాడు.

పొద్దు వాలేసరికి ఆఖరిది కూడా అయిపోయింది. మామ ఒక్కోదాన్నీ వాలుపొద్దుకు ఎదురుగా పట్టి, వెలుతురు కనిపిస్తోందో లేదో చూసి సంచిలో వేసుకున్నాడు. లేచి పంచె దులుపుకుంటూ, నా వైపు చూడకుండానే అన్నాడు: "ఉస్తాద్, పిల్లనైతే ఈ పిలగానికే ఇస్త. నాజిల్లు మాత్రం ఇగమీదట నువ్వే జూడు."

ఇప్పుడు నాకో షెడ్డుంది. ఏ సామానుకు ఏది వేయాలో, ఏది పోయాలో నలుగురిని అడిగి గానీ స్విచ్చు మీద చెయ్యి వేయను. పని చెడటం లేదు గానీ, ఎవరినీ అడగకుండా అమ్మ జొన్నలు ఎత్తుకొచ్చిన ఆ పిలగాడంటే నాకు ఇప్పటికీ భలే ముచ్చట.