స్టీరింగు మీద ఒక వేలు

కెనడాలో మా సస్కాచువాన్ గోధుమ చేల మధ్య, కంకర రోడ్డు మీద ఎదురుగా బండి వస్తే స్టీరింగు మీద నుంచి చూపుడు వేలు లేపాలి. చెయ్యి ఊపనక్కర్లేదు, నవ్వనక్కర్లేదు. వేలు లేస్తే మనిషి, లేవకపోతే పొగరుబోతు. ఎన్నో దేశాలు తిరిగాను కానీ, మనుషులను తూచడానికి ఇంత చవకబారు తక్కెడ మరెక్కడా చూడలేదు.

ఒరెస్ట్ కోవల్చుక్ అరవై ఐదేళ్ళ పాటు ఆ వేలు లేపాడు. ఎనభై నాలుగో ఏట, వసంతంలో, మానేశాడు.

ఊళ్ళో కాఫీ దుకాణంలో ఉదయం తొమ్మిదింటికోసారి, మధ్యాహ్నం మూడింటికోసారి చేరే రిటైరైన రైతుల బల్ల ఒకటుంది. అక్కడ వాసిల్ మొదలుపెట్టాడు. “నిన్న నా ముక్కు ముందు నుంచే పోయాడయ్యా. వేలు కాదు కదా, రెప్ప కూడా కదల్లేదు.”

“పొలం అమ్మేశాడుగా! ఇంక దొరగారి కంటికి మనమెందుకు ఆనతాం?” అన్నాడు హార్వే.

నేనూ పళ్ళికిలించాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా నోరు నాకే పాచివాసన కొడుతుంది.

ఆ మాట ఒరెస్ట్ చెవిన పడింది. మర్నాటి నుంచి ఆయన అన్నిటికీ వేలు లేపసాగాడు. ఉత్తరాల డబ్బాకు, ఆగి ఉన్న ట్రాక్టరుకు, కంచె పక్కన ఆవుకు. బల్ల నెల రోజులు పడీపడీ నవ్వింది. గోధుమ గింజ కొరికి తేమ ఎంతో చెప్పగల ఘనులు! ముసలివాడికి చూపు పోతోందని ఒక్కడికీ తట్టలేదు. తట్టినా నోరు మెదపలేదేమో, అది మరీ రోత.

ఆయనకు బండి తప్పదు. భార్య స్టెఫ్కా నాలుగు మైళ్ళ దూరాన, ఊళ్ళోని వృద్ధుల ఆశ్రమంలో ఉంది. అన్నీ మరచిపోయింది. మధ్యాహ్నం పన్నెండింటికి ఒరెస్ట్ చెంచా అందిస్తేనే నోరు తెరుస్తుంది. నర్సు అందిస్తే పళ్ళు బిగిస్తుంది.

కాలినడకన లోకం తిరిగి ఆయన పొరుగున చేరిన నాకు బండి నడపడం రాదు. ఆయన పక్కన కూర్చునే ఊళ్ళోకి వెళ్ళేవాణ్ణి. “రోడ్డు వినపడుతుంది. పక్కకి జరిగితే కంకర గోల చేస్తుంది,” అనేవాడు. పూర్వం ఇక్కడ తాగి పడుకున్న యజమానిని గుర్రమే ఇంటికి చేర్చేదట. ఈ పికప్ ట్రక్కుకు ఆ పాటి బుద్ధి ఎక్కడిది?

జూన్‌లో తూము బాగుచేస్తున్నచోట ఒకావిడ ‘ఆగుము’ అన్న పలక పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడింది. ఒరెస్ట్ మర్యాదగా వేలు లేపి, అదే వేగంతో పోనిచ్చాడు. నేను కేక పెట్టాను. ఆవిడ గుంటలోకి దూకింది. బండి పలకను నలిపి ఆగింది.

“ఏం మనిషివయ్యా! ఆపమని పలక పడితే వేలు చూపిస్తావా?” అని అరిచిందావిడ, బురదలోంచి లేస్తూ.

ఒరెస్ట్ నా వైపు తిరిగాడు. “అక్కడ... మనిషి ఉందా?”

ఆ రోజు ఆవిడే ట్రక్కును ఊళ్ళోకి తెచ్చింది. కంటి నడుమ మచ్చ పడిందని, ఎదుట ఉన్నది కాక అంచులే కనిపిస్తాయని అన్నాడు డాక్టరు. ఒరెస్ట్ తనంతట తానే డ్రైవింగు లైసెన్సు తిరిగి ఇచ్చేశాడు.

“మంచి పని చేశావోయ్,” అని వాసిల్ వీపు తట్టాడు. “రోజూ తొమ్మిదింటి కాఫీకి నా బండెక్కు. పదిన్నరకి ఇంటి దగ్గర దింపేస్తా.”

“స్టెఫ్కా తినేది పన్నెండింటికిరా.”

“అప్పటిదాకా ఎవడు కూచుంటాడురా బాబూ, పనులుండవూ?”

పనులట! ఒక్కొక్కడి ట్రక్కులో నాలుగేసి ఖాళీ సీట్లు, రోజంతా ఖాళీ.

ఒరెస్ట్ ఉదయం వాళ్ళతో వెళ్ళి, పన్నెండింటికి భార్యకు తినిపించి, నాలుగు మైళ్ళూ నడిచి ఇంటికి పోయేవాడు. మూడింటి కాఫీకి పోయే ట్రక్కులన్నీ దారిలో ఆయనకు ఎదురయ్యేవి. అన్నిట్లోంచీ వేళ్ళు లేచేవి. ఏదీ వెనక్కి తిరిగేది కాదు.

ఒక రోజు నేను హార్వే బండిలో ఉన్నాను. దుమ్ములో ఒరెస్ట్ కనిపించాడు. చప్పుడు విని గుంట అంచుకు జరిగాడు. హార్వే వేలు లేపాడు. ఆయన లేపలేదు.

“చూశావా, ఇంకా పొగరు దిగలేదు,” అన్నాడు హార్వే.

“బండి ఆపు.”

“ఎందుకూ? కాఫీకి ఆలస్యం అవుతుంది.”

దిగి వెనక్కి నడిచాను. “ఎవరది?” అన్నాడు ఒరెస్ట్, ముఖం పక్కకు తిప్పి, కంటి అంచుతో వెతుకుతూ. నేనేనని చెప్పాను.

“ఇవాళ బీట్‌రూట్ సూపు గిన్నెడూ తాగింది,” అన్నాడు. పక్కన నడుస్తుంటే, ఆయన బూటు మడమ ఊడి, అడుగడుగుకీ చప్పుడు చేస్తోంది.