ఇత్తడి పిడి

ఆ పెద్ద హోటల్లో తలుపు గొళ్లేల నుంచి మెట్ల కడ్డీల దాకా ఇత్తడంతా ఆమె చేతి మీదుగానే మెరిసేది. అందుకే ఆమె అందరికీ ఇత్తడమ్మ. తమ్ముడు అక్కడే లిఫ్టు నడిపేవాడు. ఆమె లిఫ్టు పిడి తుడిచి గుడ్డ దులిపేలోపు, కావాలనే దాని మీద అరచెయ్యి అదిమేవాడు.

"నీ చెయ్యి పడిపోనూ! ఇప్పుడే కదరా తుడిచాను?"

"నీకు పని లేకుండా పోతుందని నా బెంగ, అక్కా."

రోజూ ఇదే రభస.

యుద్ధం వచ్చింది. అతిథులు వెళ్లిపోయారు. భోజనాల హాల్లో మంచాలు వేసి, గాయపడ్డవాళ్లను పడుకోబెట్టారు. ఇత్తడి సంగతి ఎవరికీ పట్టలేదు. ఆమె మాత్రం తుడవడం మానలేదు, వాడు అదమడం మానలేదు.

ఒక ఉదయం కరెంటు పోయి లిఫ్టు పై అంతస్తులో ఆగిపోయింది. తమ్ముడు దాని తలుపు మూసి, స్ట్రెచర్ పట్టడానికి పెరట్లోకి దిగాడు. బాంబు ఆ పెరట్లోనే పడింది. తర్వాత వాళ్ల ఇల్లూ కాలిపోయింది. వాడి ఫోటో ఒక్కటీ మిగల్లేదు.

ఏళ్ల తర్వాత హోటల్‌ను బాగుచేయిస్తూ ఆమెను మళ్లీ పిలిచారు. ఆ రోజు నుంచీ మూసే ఉన్న లిఫ్టును మేస్త్రీ తెరిపించాడు. పిడి మీద అరచెయ్యి, నాలుగు వేళ్లు నల్లగా కనబడ్డాయి.

"ఇదొక్కటి వదిలెయ్యి నాయనా."

"మచ్చ వదిలెయ్యమని నువ్వే అంటున్నావా, ఇత్తడమ్మా?"

"మచ్చ కాదు. మా తమ్ముడు."

మేస్త్రీ పిడికి గుడ్డ చుట్టి, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. రోజూ పని మొదలుపెట్టే ముందు ఆమె ఆ గుడ్డ విప్పి చూసుకునేది, మళ్లీ చుట్టేది.

హోటల్ తెరిచే రోజు మేస్త్రీ గుడ్డ తీసేశాడు. అంతా హడావిడి. ఆమె గొళ్లేలు, కడ్డీలు తుడుచుకుంటూ లిఫ్టులోకి వచ్చింది. కొత్త లిఫ్టు మనిషి కబుర్ల పోగు.

"మా అత్త ఈ లిఫ్టు ఎక్కనంటోందమ్మా. పైకి తీసుకెళ్లి అక్కడే వదిలేస్తానని భయమట!"

"నీ మొహం చూస్తే నాకూ భయమే," అంటూ ఆమె నవ్వింది. చాలా కాలానికి నవ్వింది. నవ్వుతూనే, చెయ్యి అలవాటుగా తుడవడం ముగించగానే, గుడ్డ దులిపింది.

అప్పుడు చూసింది. పిడి తళతళలాడుతోంది. అందులో ఆమె ముఖం తప్ప ఏమీ లేదు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు బాబూ. జనం వస్తున్నారు, చూసుకో."

గుడ్డను మరక లోపలికి పోయేలా మడిచి సంచిలో పెట్టుకుంది. మర్నాడు పనికి కొత్త గుడ్డ అడిగి తీసుకుంది.