చర్చి ముంగిటికి ఎన్ని ట్రిప్పుల గ్రావెల్

రాచర్ల దగ్గర మా పల్లెలో చర్చి ముందర అంతా నల్లమట్టి. వానొస్తే చెప్పులు చేతబట్టుకుని లోపలికి పోవాల్సిందే. నిరుడు వానలకు ముందే గ్రావెల్ తోలించాలని సంఘమంతా అనుకున్నాం. లెక్క వేసింది సంఘపెద్ద. నాకు వరసకు మామ.

ఆయన టేపు పట్టి కొలిచాడు. పొడవు నలభై అడుగులు, వెడల్పు ముప్పై, మందం అరడుగు. మొత్తం ఆరువందల ఘనపుటడుగులు. ట్రాక్టరు ఒక ట్రిప్పుకు వంద తెస్తుంది.

“ఆరు ట్రిప్పులు, సరిపాయె,” అన్నాడు.

“చాలవు మామా. ఎనిమిది కావాల,” అన్నాను.

అందరూ నావైపు తిరిగారు. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని.

“ఏందమ్మాయ్, లెక్క తప్పంటావా?”

“లెక్క తప్పు కాదు. అది వదులుగా పోసినప్పటి లెక్క. నీళ్లు కొట్టి రోలరు తిప్పితే అణిగిపోతాది. నాలుగు గంపలు పోస్తే మూడు గంపల మందమే మిగిలేది.”

పన్నెండేళ్లు రోడ్డు పనుల్లో గంపలు మోశాను. పొద్దున పోసిన గ్రావెల్ సాయంత్రానికి ఎంత దిగుతుందో చూస్తూనే ఉన్నాను.

“ముందు ఆరు తెప్పిద్దాం, చాలకపోతే చూద్దాంలే,” అన్నాడు మామ.

“గిద్దలూరు నుంచి రోలరు వచ్చేది ఒక్కరోజుకే. మళ్లీ ఎవరు పంపుతారు?”

రోడ్డు పక్క మిగిలిన గ్రావెల్ ఒక పెయింటు బకెట్ నిండా తెచ్చి ఆయన ముందర పెట్టాను. నీళ్లు చల్లి, మొద్దుకర్ర ఆయన చేతికే ఇచ్చాను. చెమటలు పట్టేదాకా దంచాడు. అంచు నుంచి నాలుగు వేళ్లు కిందికి దిగింది. చెయ్యి పెట్టి చూసుకుని, “ఎనిమిదే చెప్పండిరా,” అన్నాడు.

ఎనిమిదీ వచ్చాయి. రోలరు తిరిగాక నేల గట్టిగా, చదునుగా నిలిచింది. ఒక్కచోట మాత్రం నేనూ పొరపడ్డాను. కుళాయి దగ్గరి పల్లాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అది ఎక్కువ మింగేసి, గేటు దగ్గర పొర పలచబడింది. అంచుల్లో చెదిరిందంతా పారతో లాగి, ఆడవాళ్లం నలుగురం గేటు దగ్గర సర్దాం.

తర్వాతి నెలలో మామ తమ్ముడు తన కొత్తింటి వాకిలికి గ్రావెల్ లెక్క చెప్పమని కబురు పెట్టినాడు. పోయీపోగానే టేపు అడగలేదు. రెండు బిందెల నీళ్లు వాకిట్లో పోయించి, అవి ఎటు పోయి నిలుస్తాయో చూస్తూ నిలబడ్డాను.