ఆదివారం పేరు, సోమవారం పేరు

విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు లైనులో నిలబడ్డ మొదటి రోజు నాకు నవ్వొచ్చింది. నేను పుట్టింది మేడ్చల్‌లో. ముప్ఫై ఆరేళ్లు బ్రిటన్‌లో నర్సుగా ముసలివాళ్ల పక్కగుడ్డలు మార్చి, అక్కడి పౌరసత్వం తీసుకుని, భర్త పోయాక, అరవై ఆరో ఏట తిరిగొచ్చి షామీర్‌పేటలో ఒక ఫ్లాటు అద్దెకు తీసుకున్నాను. లైనులో నా ముందు చదువుకోవడానికొచ్చిన యెమెన్ పిల్లలు, వెనక యోగా నేర్చుకోవడానికొచ్చిన జర్మన్ ముసలాయన. "నేను ఇక్కడిదాన్నే" అని ఇద్దరు ముగ్గురికి చెప్పాను. ఎవరూ అడగలేదు.

రెండో రోజు నవ్వు పోయింది. నాలుగో రోజుకి నోరు లేచింది. ఇంటి నుంచి రెండు గంటల ప్రయాణం, ఆ తర్వాత టోకెను, టోకెను పిలిచాక కౌంటరులో అమ్మాయి చెప్పే ఒక్క ముక్క. మొదటిసారి ఫొటో బాగాలేదంది. వెనక గోడ తెల్లగా ఉండాలన్నారు, నేను కట్టుకున్నదీ తెల్లచీరే, చీర గోడలో కలిసిపోయి తల ఒక్కటే గాలిలో తేలింది. రెండోసారి సంతకం గీత దాటిందంది. మూడోసారి సర్వర్ డౌన్. జర్మన్ ముసలాయన ప్రతిసారీ ఒక లావుపాటి పుస్తకం తెచ్చుకుని నిలబడే చదువుకునేవాడు. ఆయన ఓపిక చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆయన పరాయివాడు కాబట్టి ఓర్చుకోవాలి, నేనెందుకు ఓర్చుకోవాలి అనుకునేదాన్ని. మనిషిగా నేనెంత చిన్నదాన్నో ఆ లైనులోనే మొదట బయటపడింది, కానీ అప్పుడు దాన్ని నేను ఆత్మగౌరవం అనుకున్నాను.

నాకు కావలసింది ఓసీఐ కార్డు. వేరే దేశపు పౌరులైపోయిన మనవాళ్లు ఇక్కడ జీవితాంతం ఉండటానికి ఇచ్చేది. నా వీసాకు ఇంకా రెండు నెలల గడువుంది. అది దాటితే దేశం వదిలి వెళ్లి, మళ్లీ వీసా తెచ్చుకుని రావాలి. నాలుగోసారి కౌంటరులో అమ్మాయి నా కాగితాలన్నీ చివరిదాకా చూసింది. నేను ఒకప్పుడు భారతీయురాలినేనని చూపించడానికి నా దగ్గరున్నది పాత పాస్‌పోర్టు మొదటి పేజీ జిరాక్సు, అదీ మా అమ్మ పెట్టెలో దొరికింది కాబట్టి. అసలు పాస్‌పోర్టు బ్రిటన్ పౌరసత్వం వచ్చిన సాయంత్రం నేనే నా స్నేహితురాళ్ల ముందు కత్తెరతో ముక్కలు చేశాను. అందరూ చప్పట్లు కొట్టారు.

"మేడం, ఈ జిరాక్సుల ఉన్నామె పేరు వేరే. మీ పాస్‌పోర్టుల పేరు వేరే" అంది ఆ అమ్మాయి. "ఇద్దరు ఒక్కరే అని ఇక్కడి కాగితం ఏదన్న ఉంటే తీస్కరాండ్రి."

ఇద్దరం ఒక్కరమే. అది చెప్పాలంటే మా గల్లీ సంగతి చెప్పాలి. నాకు పదేళ్లప్పుడు బాపు, అమ్మ, నేను, నాలుగేళ్ల మా చెల్లె, నలుగురం ఒకే మధ్యాహ్నం షామీర్‌పేట చెరువులో మునిగి క్రైస్తవులమై లేచాం. అప్పటి పాస్టరు చర్చి రిజిస్టరులో ఒకే పేజీలో నలుగురి పాత పేర్లూ, ఎదురుగా కొత్త పేర్లూ రాశాడు. కానీ క్రైస్తవులని రాయించుకుంటే ఎస్సీ సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ లేకపోతే స్కాలర్‌షిప్పు లేదు, హాస్టలు లేదు, ఉద్యోగం లేదు. అందుకని బళ్లో పాత పేరే ఉంచారు. మా గల్లీలో చాలా ఇళ్లలో ఇదే పద్ధతి. చర్చిలో పిలిచేది ఆదివారం పేరు, బళ్లో హాజరు పలికేది సోమవారం పేరు. దీన్ని మేమెవరం మోసమనుకోలేదు. దేవుడు మారినా కూలి మారలేదు, వాడ మారలేదు, చాయ్ హోటల్లో మాకు విడిగా పెట్టిన గ్లాసూ మారలేదు. కాగితం ఒక్కటే ఎందుకు మారాలి?

నర్సింగు సర్టిఫికెట్ సోమవారం పేరుతో వచ్చింది కాబట్టి పాస్‌పోర్టూ అదే పేరుతో తీసుకుని విమానమెక్కాను. అక్కడ పెళ్లీ, పౌరసత్వమూ ఆదివారం పేరుతో అయ్యాయి. పాత పేరు నాకు వాడను గుర్తుచేసేది, వదిలించుకున్నాను. మా చెల్లెకు ఆ వీలు లేకపోయింది. అది సోమవారం పేరుతోనే టీచరు ఉద్యోగం తెచ్చుకుంది, ఎస్సీ కోటాలో. మేడ్చల్ దగ్గర సర్కారు బళ్లో ముప్ఫై ఏళ్ల పైన పనిచేసి, ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరు కాబోతోంది. నేను పంపిన డబ్బుతోనే అది చదువుకుంది అని నేనెప్పుడూ అనలేదు. అనకుండానే అందరికీ తెలిసేలా మసలుకున్నాను.

ఆ సాయంత్రమే మేడ్చల్‌లో దాని ఇంటికి పోయి సంగతి చెప్పాను. అఫిడవిట్ మీద సంతకం పెట్టమన్నాను. అది పరీక్ష పేపర్లు దిద్దుతోంది. పెన్ను మూత పెట్టి నా వైపు చూసింది.

"నీ రెండు పేర్లు ఒక్కటే అని నేను సంతకం పెడ్తే, నీ రెండో పేరేందమ్మ అని నన్నడుగరా అక్కా?"

"ఎవరడుగుతరే? వాళ్లకు నీ నౌకరీతోటి ఏం పని?"

"ఎదురింటామె మా బళ్లెనే పంతులమ్మ. నాకొచ్చిన ప్రమోషన్ ఆమెకు రాలేదని పదేండ్ల సంది నా మీద కండ్లు పెట్టుకొని కూసుంది. గింత సందు దొరికితే సాలు." గొంతు తగ్గించింది. "అక్కా, ఎనిమిది నెలలు ఆగు. రిటైరైత, పింఛన్ కాగితం చేతికొస్తది. ఇగ నువ్వు ఎన్నిట్ల పెట్టుమంటే అన్నిట్ల పెడ్త."

"నా వీసా రెండు నెలల్ల అయిపోతది."

"పోయి మల్ల రారాదు? ఆడ నీ దోస్తు ఇంట్ల అర్ర ఉందంటివి గదా."

ఉంది. వెచ్చగా ఉండే గదే, కిటికీలోంచి ఆపిల్ చెట్టు కూడా కనిపిస్తుంది. ఆ స్నేహితురాలు సంతోషంగా ఉంచుకునేది. ఎనిమిది నెలలంటే నాకు జరిగే నష్టం నాలుగు స్వెట్టర్లు సర్దుకోవడం, మళ్లీ ఒక లైనులో నిలబడటం, అంతే. ఇది నేను ఇప్పుడు తెలుసుకున్నది కాదు, అప్పుడే తెలుసు. సరే అన్నాను. ఆగుతానని దాని తల మీద చెయ్యి పెట్టి మరీ మాట ఇచ్చాను.

వారం తర్వాత చర్చికి పోయి ఇప్పటి పాస్టరు అయ్యగారిని ఆ రిజిస్టరు పేజీ అడిగాను. ఆయనకు మా చెల్లె ఉద్యోగం సంగతి తెలుసు. అలాంటి సంగతులు పేజీకి నాలుగు తెలుసు. కాసేపు గడ్డం గోక్కుని, తెల్లకాగితం ముక్క ఒకటి చింపి, చెల్లె పేరున్న వరుస మీద అంటించి జిరాక్సు తీయించాడు.

"ఇట్లయితే మీ పని అయితది, మీ చెల్లెకు పరేషాన్ ఉండది" అన్నాడు.

"ఎందుకైన మంచిది, మొత్తం పేజీ కూడ ఒకటి తియ్యుండ్రి అయ్యగారు" అన్నాను. ఆయన నా మొహం చూసి, అదీ తీయించి ఇచ్చాడు.

ఐదోసారి లైనులో మూడు గంటలు నిలబడ్డాను. ఏసీ పనిచేయలేదు. కౌంటరు అమ్మాయి పేజీని వెలుతురుకు పెట్టి చూసి, "కింద ఈ తెల్లగున్నదేంది మేడం? ఏదో దాసినట్టుంది. పూర్తి పేజీ కావాలె, లేకుంటే తీసుకోం" అంది. ఇప్పుడు నేను చెప్పవలసిన మాట ఒక్కటే, "వద్దులెండి, తర్వాత వస్తాను" అని. నా వెనక జర్మన్ ముసలాయన పుస్తకంలో పేజీ తిప్పాడు. నేను సంచీలో చెయ్యి పెట్టి రెండో జిరాక్సు తీసి ఇచ్చాను. ఆలోచించాను, తటపటాయించాను అని రాయాలని ఉంది. కానీ ఆ కాగితం సంచీలో పెట్టుకుని బయల్దేరిననాడే నిర్ణయం అయిపోయింది. అమ్మాయి దాని మీద ముద్ర వేసి రసీదు ఇచ్చింది. ఆ సంతోషంలో బయట ఆటో అబ్బాయి అడిగినంతా బేరమాడకుండా ఇచ్చేశాను.

చెల్లెకు చెప్పలేదు. పైగా మునుపటికన్నా ఎక్కువగా వాళ్లింటికి పోవడం మొదలుపెట్టాను. కూర వండుకుపోయేదాన్ని. తప్పు చేసినవాళ్లు ఇంత ప్రేమగా ఎందుకుంటారో నర్సుగా నాకు బాగా తెలుసు, ఎన్నడూ రాని కొడుకులు చివరి వారంలో పళ్లబుట్టలతో దిగేవాళ్లు.

విచారణకు కానిస్టేబులు నా ఫ్లాటుకు వస్తాడనుకున్నాను. వచ్చాడు కూడా, వచ్చి వెళ్లాడు. అర్జీలో బంధువుల గడిలో నేనే రాసిన అడ్రసు పట్టుకుని, మర్నాడు సాయంత్రం చెల్లె ఇంటి గేటు ముందు బండి ఆపాడు. ఆ వేళకు నేనూ అక్కడే వరండాలో చిక్కుడుకాయలు తుంచుతున్నాను. ఎదురింటి పంతులమ్మ బట్టలు ఆరేస్తోంది. కానిస్టేబులు కుర్రవాడు, మర్యాదస్తుడు. చేతిలో ఆ పేజీ. చెల్లె సోమవారం పేరు పైకి చదివాడు. తర్వాత ఆదివారం పేరు చదివాడు. "రెండు మీయేనా అమ్మ? ఫలాన తారీకు మీ ఇంటోళ్లందరు మతం తీస్కున్నరా?" గట్టిగా అడగలేదు. కానీ అది ఇరుకు గల్లీ.

ఎదురింట్లో దులుపుతున్న చీర ఆగిపోయింది.

చెల్లె నా వైపు చూడలేదు. ఆ పేజీ వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ కాగితం అక్కడికెలా వచ్చిందో దానికి వివరించక్కర్లేదు, ముప్ఫై ఏళ్లు పిల్లల కాపీలు పట్టుకున్న మనిషి. "ఇది నాది గాదు సార్" అంది. "గీ రెండో పేరెవరిదో నాకు తెల్వదు."

"మరి ఈ మేడం మీ అక్క అని రాసింది గదా?"

"నాకు అక్క లేదు. ఈమె మా అమ్మకు ఎరుక. అప్పుడప్పుడు వస్తది, పోతది."

కానిస్టేబులు ఇబ్బందిగా నా వైపు తిరిగాడు. "మేడం, ఈమె కాదంటున్నది. మీరేమంటరు? మీరేది చెప్తే అదే రాస్త."

అవకాశం రెండోసారి దొరికింది, అదీ అడిగి మరీ ఇచ్చాడు. "పొరపాటు పడ్డాను బాబూ" అంటే చాలు. నా అర్జీ చిత్తుకాగితమయ్యేది, నేను స్వెట్టర్లు సర్దుకునేదాన్ని, అది పింఛను తీసుకునేది. కానీ "నాకు అక్క లేదు" అన్న మాట నా చెవిలో ఉంది. దాని ఫీజులు, అమ్మ ఆపరేషను, ఆ ఇంటి స్లాబు, ఇన్నేళ్లు నోరు తెరిచి అననివన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నాకు కోపం వచ్చింది. భయంతో అబద్ధమాడిన మనిషి మీద, ఆ భయం తెచ్చిపెట్టిన నాకు కోపం వచ్చింది.

"నా చెల్లెలే" అన్నాను, అవసరమైన దానికన్నా గట్టిగా. "ఒకే తల్లి కడుపుల పుట్టినం. ఇద్దరం ఒకటే దినం చెర్ల మునిగినం. రెండు పేర్లు దానియే. రాసుకో."

రాసుకున్నాడు. చెల్లె లోపలికి పోయి తలుపు వేసుకుంది. నేను మిగిలిన చిక్కుడుకాయలు తుంచి, గిన్నె అరుగు మీద పెట్టి వచ్చేశాను.

ఆ రసీదు మీద నా వీసా పొడిగించారు, కార్డు మూడు నెలలకు పోస్టులో వచ్చింది. దానికి నెల ముందే కలెక్టరాఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం వెళ్లింది, రెండు పేర్లూ ఒక్క అక్షరం తప్పు లేకుండా. చెల్లెకు కులం సర్టిఫికెట్ మీద విచారణ నోటీసు వచ్చింది. రిటైరైన రోజు బళ్లో శాలువా కప్పారట, పింఛను మాత్రం విచారణ తేలేదాకా ఆపారు. ఎప్పుడు తేలుతుందో ఎవరూ చెప్పలేదు. నేను ఫోను చేస్తే ఎత్తదు. నెలనెలా డబ్బు ఇస్తానని అయ్యగారితో కబురు పంపాను. "ఇన్నేండ్లు ఇచ్చింది సాలు అన్నది" అని ఆయన తల వంచుకుని చెప్పాడు.

విచారణ జరిగే ఆఫీసు షామీర్‌పేటలోనే, నా ఫ్లాటుకు పది నిమిషాల దూరం. ఒక సోమవారం అటు పోతుంటే వరండాలో పొడుగు లైను, అందులో మా చెల్లె. భుజాన సంచీ, చేతిలో ఫైలు. కాలు నొప్పి ఉన్నట్టుంది, బరువు ఒక కాలి మీదే వేసి నిలబడింది. నేను పోయి దాని వెనక నిలబడ్డాను. నేను వచ్చానని దానికి తెలుసు, మెడ బిగుసుకుంది. గంటన్నర నిలబడ్డాం. దాని జడలో నెరిసిన వెంట్రుకలు చూస్తూ నిలబడ్డాను. మంచినీళ్ల సీసా భుజం పక్కగా చాపాను, తీసుకోలేదు. చెప్పుకోవడానికి నా దగ్గర చాలా మాటలుండేవి, ఒక్కటీ ఆ వీపుకు చెప్పదగ్గది కాదు.

కౌంటరు వచ్చింది. గుమాస్తా ఫైలు విప్పి, తల ఎత్తకుండానే అడిగాడు.

"సాక్షిగ ఇంటోళ్లు ఎవరన్న వచ్చిన్రా అమ్మా? అక్కలు, చెల్లెండ్లు?"

నేను ఒక అడుగు ముందుకేశాను. చెల్లె వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసింది, గేటు దగ్గర జరిగిన రోజు తర్వాత మొదటిసారి. ఆ కళ్లలో భయం లేదు, కోపం కూడా లేదు.

"ఎవ్వరు లేరు సార్" అంది.

గేటు దగ్గర అన్నప్పుడు అది అబద్ధం. ఈసారి గుమాస్తా "లేరు" అని రాసుకుంటుంటే, కాదనడానికి నా దగ్గర ఏ కాగితమూ లేదు.