ఆల్మా కుండీకి నల్ల రిబ్బను

మా వీధిలో పురుళ్ళు పోసేదీ నేనే, పోయినవాళ్ళకు ఒళ్ళు కడిగి బట్టలు తొడిగేదీ నేనే. నోరా హాస్లమ్‌కి నోరు చెడ్డది గానీ చెయ్యి మంచిది అంటారు. ఆ మంచి చేత్తోనే ఆల్మాకు చెయ్యకూడనిది చేశాను. ఇరవై ఏళ్ళయింది. ఆ గదిలోంచి నేనింకా బయటికి రాలేదు.

ఆల్మా డక్‌వర్త్ బట్టల మిల్లులో మగ్గం నడిపేది. పీలగా ఉండేది, మాట పొదుపు. మొగుడు విల్ఫ్ వసపిట్ట. వారమంతా మిల్లులో, శనివారం సాయంత్రం మ్యూజిక్ హాలులో. వాళ్ళ ముందుగది కిటికీలో ఉండే ఆస్పిడిస్ట్రా మొక్క కుండీని తోపుడుబండిలో పెట్టుకుని పోయి, స్టేజీ మీద ఆ వెడల్పాటి ఆకుల వెనక నక్కి పాడేవాడు:

అత్తగారొచ్చిందని ఆకుల చాటున నక్కితే
చెంబెడు నీళ్ళు పోసి, చక్కగా పెరగమంది.

హాలంతా ఒక్క గొంతుతో "ఎక్కడున్నావ్ నాయనా, ఎక్కడున్నావ్?" అని అడిగేది. విల్ఫ్ ఆకుల్లోంచి తడిసిన తల బయట పెట్టి "ఇక్కడే చచ్చానర్రా" అనేవాడు. కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం. అసలు అత్తగారు, ఆల్మా తల్లి, ముందు వరసలో కూర్చుని అందరికన్నా గట్టిగా నవ్వేది.

యుద్ధమొచ్చాక విల్ఫ్ సిపాయిగా ఫ్రాన్సు వెళ్ళాడు. 1917లో సైన్యం నుంచి కాగితం వచ్చింది. పోయాడని లేదు. ఆచూకీ లేదని ఉంది.

ఇంట్లో ఎవరైనా పోతే మా వైపు కుండీ మొక్కకు కూడా నల్ల రిబ్బను కట్టి ఆ సంగతి తెలియజేస్తాం. లేకపోతే అది బెంగతో ఎండిపోతుందంటారు. వీధి ఆడవాళ్ళం ఆల్మాకు నచ్చజెప్పబోయాం.

"దాని జోలికెవరొచ్చినా చెయ్యి విరిచేస్తా. ఆయన పోయాడని మీకెవరు చెప్పారు?" అంది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం పాలలో నీళ్ళు కలిపి ఒక్కొక్క ఆకే తుడుస్తూ ఆ పాట పాడేది. "ఎక్కడున్నావ్" దగ్గర ఆగేది. పక్కింట్లో, గోడకు ఇవతల నేనూ చేతిలో పని ఆపేదాన్ని. ఒక్కోసారి ఎవరో జవాబు చెప్పబోయి ఊపిరి తీసుకున్నట్టే ఉండేది.

అలా పందొమ్మిదేళ్ళు గడిచాయి. మార్చి నెల, గురువారం. ఆల్మా ఇంట్లోనే మేడ మీద మంచాన ఉన్న ఆమె తల్లి పొద్దున జావ తాగింది, పదింటికల్లా కన్ను మూసింది. ఆల్మా మిల్లులో ఉంది. మధ్యాహ్నం తిండికి ఎలాగూ వస్తుంది కదా, ఈలోగా అన్నీ సర్దుదామనుకున్నాను. ముసలామెకు ఒళ్ళు కడిగాను, చావింటి ఆచారంగా తెరలు దించాను, గడియారం ఆపాను. కిందికొచ్చి కుండీకి రిబ్బను కట్టాను. ఆల్మా అన్న మాట గుర్తు రాలేదా అంటే వచ్చింది. ఇది తల్లి చావు కదా, దీనికి అభ్యంతరమేముంటుందనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆల్మా తలుపు తీసింది. ఇంకొకరైతే మేడమెట్ల వైపు చూస్తారు. ఆమె కుండీ వైపు చూసింది.

"ఎక్కడ దొరికాడు?" అంది నెమ్మదిగా.

"ఎవరు?"

"చెప్పక్కా. తట్టుకుంటాను. ఎక్కడ దొరికాడు?"

"విల్ఫ్ కాదు తల్లీ. మీ అమ్మ."

"అమ్మేనా?" అంది. ఆమె మొహం తేటపడింది. పైన కన్నతల్లి శవం ఉండగా ఆమె హమ్మయ్య అనుకోవడం నా కళ్ళారా చూశాను. మరుక్షణమే అది ఆమెకే తెలిసింది. మెట్టు మీద కూర్చుంది.

"కాగితం రాలేదు. ఎవరూ చెప్పలేదు. ఇంత పేలిక చూసి నమ్మేశానక్కా. ఒక్కసారి కూడా కాదేమో అనిపించలేదు" అంది.

"హడలిపోయావు, అంతే. ఎవరికైనా అంతే."

"లేదు. నాకు ఎప్పట్నుంచో తెలుసన్నమాట."

నాకు ఏడుపొచ్చింది. కుండీ దగ్గరికెళ్ళి రిబ్బను ముడి విప్పబోయాను. ఆల్మా లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ అక్కా. ఇద్దరికీ అదే."